నస్రీన్ టీచర్ వదిలేసిన ఖాళీ జాగ

పక్క ఫ్లాటులో ఉండే కాలేజీ అమ్మాయి నిన్న సాయంత్రం వరండాలో చున్నీ పరిచి దాని మీద పువ్వులు వేస్తోంది. బట్టలకు వేసే రంగుల వాసన తలుపు సందులోంచి నా గదిలోకి వచ్చింది. కొంచెం పుల్లగా, కొంచెం జిగురుగా, ఆరుతున్న కొద్దీ గొంతులో పట్టుకునే వాసన. చేస్తున్న ఆఫీసు పని పక్కన పెట్టాను. ఆ వాసన తగిలితే నాకు కోరుట్లలో ఒక డాబా, దాని మీద రేకుల నీడన మోకాళ్ల మీద కూర్చుని తెల్లబట్టకు రంగు వేస్తున్న నస్రీన్ టీచర్ కనబడతారు. నేనిప్పుడు హైదరాబాదులో ప్రకటనల కంపెనీలో పనిచేస్తున్నాను. ఏ ఊళ్లో, ఏ వయసువాళ్ల ఫోన్లలో ఏ వస్తువు బొమ్మ కనబడాలో ఎంచి పెట్టడం నా ఉద్యోగం. టీచర్ బతికి ఉంటే ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పి ఉండేదాన్నో నాకు తెలియదు.

ఆమె నాకు బడిలో పాఠం చెప్పిన టీచర్ కాదు. సర్కారు బడిలో డ్రాయింగ్ టీచర్‌గా సిరిసిల్లలో చాలా ఏళ్లు చేసి, బదిలీ మీద సొంత ఊరు కోరుట్లకు వచ్చారు. అప్పటికి యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి ఇంటి పైగదిలో ఉండేవారు. సన్నటి మనిషి, తల మీద ఎప్పుడూ బూడిదరంగు నూలు దుపట్టా, బొటనవేలి గోరు అంచున ఎంత కడిగినా పోని రంగు. నాకప్పుడు ఇరవై అయిదేళ్లు. కోరుట్ల బస్టాండు దగ్గర ఒక చిన్న గదిలో నెట్ సెంటర్ నడిపేదాన్ని. నాలుగు కంప్యూటర్లు, ఒక కెమెరా, ఒక ప్రింటర్. పిల్లలు హాల్‌టికెట్ల కోసం వచ్చేవాళ్లు, ఆడవాళ్లు గల్ఫ్‌లో ఉన్న భర్తలతో మాట్లాడటానికి వచ్చేవాళ్లు. తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలో ఉన్న రోజులవి. బడులు మూసి ఉన్నాయి, బస్సులు డిపో దాటి రావడం లేదు, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఆమె గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా అడిగారు.

"నరేశ్ పేజీ నీ దగ్గర్నే తెరిచిండంట గదా బిడ్డా. ఒకసారి చూపిస్తవా?"

నరేశ్ సిరిసిల్లలో ఆమె దగ్గర మూడేళ్లు బొమ్మలు నేర్చుకున్న పిల్లవాడు. తండ్రి లక్ష్మీరాజం సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కూలికి బట్ట నేసేవాడు. తల్లి భాగ్య బీడీలు చుట్టేది. డిగ్రీ చదవడానికి కోరుట్ల వచ్చి స్నేహితులతో గదిలో ఉంటూ నరేశ్ సాయంత్రాలు నా దగ్గరికి వచ్చేవాడు. నెట్‌లో అతని పేజీ తెరిచి ఇచ్చింది నేనే. అందులోని ఫోటోల్లో చాలావరకు నా కెమెరాతో దిగినవే. టీచర్ వచ్చిన రోజుకు అతను పోయి రెండు వారాలు. రాష్ట్రం రావాలని ఒక ఉత్తరం రాసి పెట్టి ప్రాణం తీసుకున్నాడు. ఆ మాట ఇప్పటికీ ఇంత సూటిగా రాయడం నాకు కష్టంగానే ఉంది.

పేజీ తెరిచాను. నరేశ్ ఫోటో, దాని కింద స్నేహితులు రాసిన కన్నీటి మాటలు. టీచర్ అవి చదవలేదు. తెర మీద కుడి అంచు వైపు చూస్తూ ఉండిపోయారు. అక్కడ వరసగా ప్రకటనలు. ఇంటర్వ్యూలో గెలవడమెలా అని ఒకటి, తెల్లటి బూట్లు ఒకటి, ఒంటరిగా ఉన్నారా అని నవ్వుతున్న ఒక అమ్మాయి.

"ఇవెవరు పెట్టిండ్రు ఇక్కడ?"

"ఎవ్వరు పెట్టరు టీచర్. మిషనే పెట్టుకుంటది. మనం ఏమేం చూస్తున్నమో లెక్కవెట్టి దానికి తగ్గయి చూపిస్తది."

"పిల్లగాడు పోయిండని దానికి తెల్వదా?"

"తెల్వది టీచర్."

"ఊరంత ఎరుకైంది. రోజూ లెక్కవెట్టేదానికి ఎరుక లేదా?" అని, అప్పుడు కూర్చున్నారు.

మర్నాడు మళ్లీ వచ్చారు, ఆ మర్నాడు కూడా. చిన్న నోట్ బుక్కు తెచ్చుకుని, ఆ రోజు నరేశ్ పక్కన ఏ ప్రకటనలు ఉన్నాయో అక్షరాల వంపుతో సహా పెన్సిలుతో గీసుకునేవారు. కరెంటు పోతే వచ్చేదాకా చీకటి గదిలో కదలకుండా ఉండేవారు. ప్రింటు తీసి ఇస్తానంటే వద్దన్నారు. "ప్రింటు తీస్తే అది చూసినట్టు గాదు లతా. చేత్తోని గీస్తెనే కండ్లు పని చేస్తయి," అన్నారు. ఒకరోజు ఆమెకూ ఒక పేజీ కావాలన్నారు. పేరు, వయసు, ఊరు నింపి తెరిచి ఇచ్చాను. అదే నరేశ్ పేజీని ఒక కంప్యూటర్లో ఆమె పేరుతో, పక్క కంప్యూటర్లో నా పేరుతో చూశాం. నా వైపు పెళ్లి సంబంధాలు, చీరలు వచ్చాయి. ఆమె వైపు మోకాళ్ల నొప్పుల తైలం వచ్చింది. టీచర్ పెద్దగా నవ్వారు. ఆ సమ్మె రోజుల్లో ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. "అరె, నిన్ననే డాక్టర్ దగ్గరికి పోయొచ్చిన. నా మోకాళ్ల సంగతి దీనికెవలు చెప్పిండ్రు?" అన్నారు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. "అయితే వాడు బతికున్నప్పుడు వానికేం చూపించిందో గదా," అన్నారు. నాకు తెలుసు. అప్పు ఇస్తామనేవి, పరీక్ష లేకుండా ఉద్యోగమనేవి. అతను వాటి మీద నొక్కి నొక్కి చూసేవాడు. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.

సిరిసిల్లకు పలకరింపుకు వెళ్లినప్పుడు టీచర్ నరేశ్ కోసం బొమ్మలు వేయాలనుకుంటున్నానని లక్ష్మీరాజంతో అన్నారట. అతను ఇంకేమీ అడగకుండా, తన సాంచా మీద దిగిన తెల్లబట్ట ఒక తాను భుజాన వేసుకుని వచ్చి ఆమె ముందు పెట్టాడట. అది పాలిస్టర్. రంగు పట్టదు, చుక్కలు చుక్కలుగా జారిపోతుంది. ఆమె జిగురు కలిపి, ఇసుక కాగితంతో రుద్ది, వారం రోజులు తంటాలు పడి దాన్ని లొంగదీశారు. రోజుకో బట్ట. ఒక్కో బట్ట మీద ఆ రోజు తెర మొత్తం, ఉన్నది ఉన్నట్టు. బూట్ల మీద వెలుగు, ప్రకటనలో అమ్మాయి పళ్ల తెలుపు, నొక్కమని చెప్పే నీలిరంగు డబ్బా, అన్నీ ఎంత ఓపికగా వేసేవారంటే ముట్టుకుని చూడాలనిపించేది. నరేశ్ ఫోటో ఉండాల్సిన చోట మాత్రం ఏమీ వేయలేదు. అక్కడ బట్ట బట్టగానే ఉంది. ఎందుకని అడిగాను.

"వాడు లేడు గద లతా. లేనోన్ని ఉన్నట్టు ఎట్ల గీయాలె? ఈ సామాన్లన్ని ఉన్నయి, వాడే లేడు. అదే కనబడాలె చూసేటోళ్లకు."

ఎంత గొప్ప ఆలోచన అనుకున్నాను. ఇప్పుడు కూడా ఆ బట్టలు తల్చుకుంటే గొప్పవే అనిపిస్తాయి.

జగిత్యాలలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజు, దీక్షా శిబిరం పక్కన తాడు కట్టి ముప్పై బట్టలు వేలాడదీశాం. జనం ఆగి చూసి వెళ్లిపోయేవాళ్లు. "ఏంది, సేల్ పెట్టిండ్రా?" అని ఒకాయన నన్ను అడిగాడు. రెండో పూట లక్ష్మీరాజం వచ్చాడు. బస్సులు లేవు కాబట్టి ఎవరిదో బండి వెనక కూర్చుని సిరిసిల్ల నుంచి అంత దూరం వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. జుట్టులో నూలు దుమ్ము ఉంది. మొదటి బట్ట నుంచి చివరి బట్ట దాకా ఒక్కోదాని ముందు నిలబడి చూశాడు. తను నేసిన బట్ట అంచును వేళ్లతో పట్టుకుని చూశాడు. తర్వాత టీచర్ దగ్గరికి వచ్చాడు.

"మేడం, నరేశ్ ఏడి?"

టీచర్ ఖాళీ వైపు చేయి చూపించారు. "గీ జాగనే నరేశ్, రాజం భాయ్."

అతను మళ్లీ ఒకసారి దాని వైపు చూశాడు. "ఖాళీ జాగ మా ఇంట్ల మస్తున్నది మేడం. గది సూసెతందుకు గింత దూరం రావాల్నా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే ఆమె తట్టుకునేవారేమో. తర్వాత నా వైపు తిరిగాడు. "గీ సెప్పులు, గీ అప్పులు, ఇయ్యన్ని నిజంగనే నా కొడుకు పక్కకు వస్తున్నయా బిడ్డా? రోజు?"

"వస్తున్నయి అన్నా."

"బంద్ చేయుండ్రి. మీకు సదువున్నది. ఎట్లనన్న జేసి బంద్ చేయుండ్రి."

అన్నం పెడతామంటే తినకుండానే వెళ్లిపోయాడు.

తర్వాత కొన్ని నెలలకు ఆ బట్టలు హైదరాబాదు వెళ్లాయి. జగిత్యాలలో ఎవరో తీసిన ఫోటోలు చూసి, నగరంలో బొమ్మల ప్రదర్శన పెట్టేవాళ్లు టీచర్ను పిలిచారు. నేనూ తోడు వెళ్లాను. చల్లటి గది, తెల్లటి గోడలు, ఒక్కో బట్ట మీద ఒక్కో దీపం. వచ్చినవాళ్లు ఆ ఖాళీ ముందు చాలాసేపు నిలబడ్డారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. ఒక పెద్దాయన టీచర్ చేతులు పట్టుకుని, ముఖం వేయకపోవడంలోనే అంతా ఉందమ్మా అన్నాడు. టీచర్ ముఖం వెలిగింది. ఆమెను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు మామిడికాయ, జాతీయ జెండా గీయించిన మనిషి, తన పని అర్థం చేసుకున్నవాళ్లను మొదటిసారి చూస్తోంది. తిరుగు ప్రయాణంలో కరీంనగర్ దాటాక, "వాళ్లందరికి సమజైంది లతా. రాజం భాయ్‌కి గాలేదు. తప్పు ఎవలది?" అన్నారు. నేను ఏదో ఒకటి చెప్పాలని, చదువు లేకపోవడం వల్ల అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. "అట్లనకు," అన్నారు, అంతే. ఆ తర్వాత ఆ బట్టలను ఎక్కడికీ పంపలేదు. పేజీ మూయించే పనిలో పడ్డారు.

ఆ పనికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఆ పేజీ నడిపే కంపెనీకి మన దగ్గర గుమ్మం లేదు, మనిషి లేడు. ఒక ఫారం ఉంది. నింపి పంపితే, అందిందని ఒక జవాబు వచ్చేది, మళ్లీ ఏమీ ఉండేది కాదు. చనిపోయినట్టు కాగితం కావాలన్నారు. పంపాం. పేరులో ఒక అక్షరం తేడా ఉందన్నారు. టీచర్ సిరిసిల్ల ఆఫీసు చుట్టూ తిరిగి అక్షరం దిద్దించుకొచ్చారు. రక్తసంబంధం రుజువు చేయమన్నారు. లక్ష్మీరాజం వేలిముద్రలతో, సంతకాలతో ఎన్ని కాగితాలంటే అన్ని ఇచ్చాడు. ఈ లోపల నరేశ్ పేజీ పక్కన బూట్లు పోయి ఫోన్లు వచ్చాయి, ఫోన్లు పోయి హైదరాబాదులో ఫ్లాట్లు వచ్చాయి. ప్రతి ఫారం నా చేతులతోనే నింపాను. బడి అయ్యాక టీచర్ వచ్చి నా పక్కన కూర్చుని, నేను కొట్టిన ప్రతి ఇంగ్లీషు వాక్యాన్ని వేలు పెట్టి చదివేవారు.

రాష్ట్రం ఇస్తున్నారన్న మాట వచ్చి, కోరుట్ల రోడ్ల మీద రంగులు చల్లుకుంటున్న వారంలోనే జవాబు వచ్చింది. పేజీ తీసేశామని. తెరిచి చూశాను. ఏమీ లేదు. టీచర్ ఆ తెల్లటి తెరను చూస్తూ కళ్ల నిండా నీళ్లు పెట్టుకున్నారు. అక్కడి నుంచే లక్ష్మీరాజంకి ఫోన్ చేశారు. "మంచిగైంది మేడం. వానికిప్పుడు నిమ్మలం," అన్నాడతను. బయట పటాకులు మోగుతుంటే అతని గొంతు సరిగా వినబడలేదు.

నాలుగో రోజు భాగ్యక్క వచ్చింది. ఆమెను అంతకు ముందు నేను ఒక్కసారే చూశాను. ఒంటరిగా బస్సు ఎక్కి, దిగి, అడుగుతూ అడుగుతూ నెట్ సెంటర్ దాకా వచ్చింది. కొంగులోంచి ఒక ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అది ఆమెతో కలిసి బీడీలు చుట్టే పక్కింటావిడ బిడ్డది.

"నా కొడుకు కనబడ్తలేడు బిడ్డా. జెర సూడు. ఫోన్ కరాబైందేమో."

నాకు మొదట అర్థం కాలేదు. ఆమే చెప్పింది. రోజూ మధ్యాహ్నం బీడీల కట్టలు కట్టేశాక ఆ అమ్మాయి ఫోన్‌లో నరేశ్ పేజీ తీసి చూపించేదట. ఫోటోలన్నీ ఒకటి తర్వాత ఒకటి చూసేదట. ఇంట్లో గోడకు ఉన్నది హాల్‌టికెట్ ఫోటో పెద్దది చేయించినది. "గోడ మీద మూతి ముడుసుకోని ఉంటడు. గీ ఫోన్ల నవ్వుకుంట ఉంటడు," అంది. భర్తకు చెప్పలేదు. చూస్తే ఏడుస్తావని తిడతాడని చెప్పలేదు. మేము పేజీ మూయిస్తున్నామని అతనూ ఆమెకు చెప్పలేదు. రెండేళ్లు అన్ని కాగితాలు పంపిన మాకు, ఆమెను ఒక్క మాట అడగాలని తోచలేదు.

చెప్పేశాను. మేమే తీయించామని. ఎందుకు అని ఆమె అడిగింది. ప్రకటనల సంగతి చెప్పాను. "ఫోటోల పక్కకు ఎప్పుడు ఏదో ఒకటి అమ్ముతుండె గద అక్కా. మీకు బాధ కాకపోయేనా?"

"ఏమో బిడ్డా. నేను గవ్వి సూడలే. వాడుండంగ పక్కకేమున్నదని ఎవలు సూస్తరు?"

ఆ మాట అంటున్నప్పుడు టీచర్ గుమ్మంలో ఉన్నారు. బడి నుంచి నేరుగా వచ్చారు. చెప్పులు విడవబోతూ అలాగే ఆగిపోయారు.

తీసినదాన్ని మళ్లీ పెట్టలేమని కంపెనీ జవాబిచ్చింది. నరేశ్ స్నేహితుల్లో ఒకడు దుబాయ్‌లో ఉన్నాడు, ఒకడు ఫోన్ పోగొట్టుకున్నాడు. ఎవరి దగ్గరా ఒక్క ఫోటో దొరకలేదు. ఆ ఫోటోలు ఉన్న నా కంప్యూటర్ అంతకు ముందు ఏడాదే కాలిపోతే పారేసి కొత్తది వేయించాను. మూయించే ముందు ఫోటోలు దాచిపెట్టడం నాకు రెండు నిమిషాల పని. టీచర్‌కు ఆ సంగతులు తెలియవు, లక్ష్మీరాజంకి తెలియవు. నాకు తెలుసు. ఆ గదిలో అది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నేను చేయలేదు.

మిగిలింది ముప్పై బట్టలు. బూట్లు, అప్పులు, నవ్వే అమ్మాయి, నీలిరంగు డబ్బా, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. టీచర్ ఒక బట్టను డాబా మీద పరిచి, భాగ్యక్కను ఎదురుగా కూర్చోబెట్టి, ఆ ఖాళీలో నరేశ్ ముఖం వేయడానికి కూర్చున్నారు. మూడేళ్ల పాటు బడిలో మొదటి బెంచీలో చూసిన ముఖం. మొదటిది వేశాక భాగ్యక్క తల అడ్డంగా ఊపింది. "గిది గాదు టీచర్." కళ్లు కొంచెం చిన్నవంది. రెండో బట్ట మీద చిన్నవి చేశారు. నవ్వితే ఎడమ చెంప ముందు లేస్తుందంది. లేపారు. "దగ్గరికొచ్చింది గని, గిది వాడు గాదు." అలా ఆరు బట్టలు వేశారు. ఆరో దాన్ని చూసి భాగ్యక్క, "మంచిగున్నది టీచర్, సాలు," అంది. టీచర్ మీద జాలిపడి అందని మా ఇద్దరికీ తెలుసు. ఆ బట్ట మడత పెట్టి ఇస్తే తీసుకోకుండా వెళ్లిపోయింది.

టీచర్ మళ్లీ బొమ్మ వేయలేదు. రిటైర్ అయ్యాక మోకాళ్లు పూర్తిగా పట్టేసి పైగది దిగడం మానేశారు. నెట్ సెంటర్ నడవక మూసేసి, నేను హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఒకసారి వెళ్లి కలిశాను. రంగుల డబ్బాలన్నీ మూతలు బిగుసుకుపోయి కిటికీలో ఉన్నాయి. "నేను మంచిగనే గీసిన గద లతా," అన్నారు. అవునన్నాను. "బూట్లు ఎట్లుండెనో ఇప్పుడు అడుగు, కండ్లు మూసుకోని గీస్త. పిల్లగాడు యాదికొస్తలేడు. రోజు వాని దగ్గర్కే పోతున్న అనుకున్న. నేను పోయింది గా బూట్ల దగ్గరికి." ఆ ఏడాది చలికాలంలో ఆమె పోయారు. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. నేను వెళ్లేసరికి తమ్ముడి కుటుంబం పైగది ఖాళీ చేసి వేరేవాళ్లకు ఇచ్చింది. బట్టలు ఏమయ్యాయంటే వాళ్లకు తెలియదు.

చేత్తో గీస్తేనే కళ్లు పనిచేస్తాయని ఆమె చెప్పినది నాతో ఉంది. ఆఫీసులో నేను పంపే ప్రకటనలు ఏ ఊరి పిల్లల ముందు నిలబడతాయో నాకు కనబడుతూనే ఉంటుంది. కనబడినా పంపుతాను. ఈ పనికి నన్ను తయారు చేసింది కూడా ఒక రకంగా ఆ సమ్మె రోజులే. ఎవరికి ఏది చూపిస్తే నొక్కుతారో నేను మొదట నేర్చుకున్నది నరేశ్ పేజీ పక్కనే.

కోరుట్ల వెళ్లినప్పుడల్లా సిరిసిల్ల కూడా వెళ్తాను. భాగ్యక్క బీడీల చాట పక్కకు జరిపి కూర్చోబెట్టుకుంటుంది. ప్రతిసారీ ఒకటే అడుగుతుంది, ఆ రోజు నీ దుకాణంల ఫోటో ఎట్ల దిగిండు అని. నీలం చొక్కా వేసుకున్నాడని చెప్తాను. జుట్టు తడిపి దువ్వుకున్నాడని చెప్తాను. వీటిలో కొన్ని నిజంగా గుర్తున్నవి. కొన్ని పోయినసారి చెప్పాను కాబట్టి ఈసారీ చెప్తున్నవి. ఏవి ఏవో ఇప్పుడు నాకే తెలియదు. అతని ముఖం నాకు కూడా గుర్తు రావడం లేదని ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

"నవ్వుమన్నవా?" అని అడుగుతుంది.

"అన్న అక్కా."

"నవ్విండా?"

"నవ్విండు," అంటాను.